సబ్బు_పన్ను=18

కోటబొమ్మాళిలో మా బావగారిది కిరాణా కొట్టు. బిల్లులన్నీ కంప్యూటర్లోనే. కొట్టు పేరు, పన్ను శాతం, చివరి బిల్లు నంబరు ఓ మామూలు టెక్స్ట్ ఫైల్లో వరుసకొకటి చొప్పున ఉంటాయి.

2025 సెప్టెంబరు 22 నుంచి స్నానపు సబ్బు బిళ్లలపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది కదా! నోట్‌ప్యాడ్‌లో ఫైలు తెరిచి, 18 తీసేసి 5 పెడితే సరి. ఆ పని నేనే నెత్తినేసుకున్నాను. సరిగ్గా సేవ్ చేస్తుండగా కరెంటు పోయింది. వచ్చాక చూస్తే ఫైలు ఖాళీ! పాతదాన్ని తుడిచి, అక్కడే కొత్తది రాస్తుంది కాబట్టి మధ్యలో ఆగితే రెండూ దక్కవు. చివరి బిల్లు నంబరు కోసం బావగారు రాత్రి పొద్దుపోయేదాకా బిల్లుల నకళ్లు తిరగేశారు. నన్ను మాత్రం ఒక్క మాటా అనలేదు. అదే ఇబ్బంది.

జాగ్రత్తగా రాసిన ప్రోగ్రాములు కొత్త వివరాలను ముందు వేరే ఫైల్లో రాసి, పూర్తయ్యాకే దానికి పాత పేరు పెడతాయి. మధ్యలో కరెంటు పోయినా పాతదైనా మిగులుతుంది. చేత్తో మార్చేవాళ్లు ముందుగా ఓ కాపీ తీసుకోవాలి. కొట్టు పేరు తెలుగులో ఉంటే ‘యూటీఎఫ్-8’గా సేవ్ చేయండి. ‘ఆన్సీ’ అంటే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. ఒకే ఫైలును రెండు కౌంటర్లలో తెరిచి మార్చకండి. ఆఖర్న సేవ్ చేసినవారి మార్పులే ఉంటాయి.