చాలా ఉన్నాయిగా!

"పొట్టసంచి జంతువులు వంద మిగిలాయి, ఆ ఒడ్డు పిట్టలేమో లక్షల్లో ఉన్నాయి. జాలైనా, డబ్బైనా ముందు దేనికి?" ఈ ప్రశ్న అడిగేవాళ్ళు జవాబు కూడా జేబులో పెట్టుకునే వస్తారు. నాకు ఆ లెక్క మీదే పేచీ.

గిల్బర్ట్ పొటొరూని తీసుకుందాం. కంగారూకి దూరపు చుట్టం, కిలో బరువు, తిండి దాదాపు అంతా భూమిలో పెరిగే శిలీంధ్రాలే. అంతరించిపోయిందనుకున్నది 1994లో పశ్చిమ ఆస్ట్రేలియాలో, ఆల్బనీ దగ్గర మళ్ళీ కనబడింది. అదీ ఒకే ఒక్క కొండ మీద. 2005లో కొన్నిటిని బాల్డ్ ఐలండ్ అనే దీవికి చేర్చారు. 2015లో కార్చిచ్చు వచ్చి ఆ కొండ మీద వాటి చోటు చాలామటుకు కాల్చేసింది. దీవి మీదవి మిగిలాయి. బ్యాకప్ వేరేచోట ఉంచడమంటే ఏమిటో మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

ఇక పిట్ట. గ్రేట్ నాట్, మన ఉల్లంకి పిట్టల కుటుంబమే. సైబీరియాలో గుడ్లు పెడుతుంది, ఎక్కువ భాగం ఆస్ట్రేలియా తీరానికి వచ్చి ఉంటాయి. దారిలో దిగి కడుపు నింపుకునేది పసుపు సముద్రపు బురదలో. దక్షిణ కొరియాలోని సేమంగుమ్ అలాంటి పెద్ద మజిలీ. 2006లో అక్కడ 33 కిలోమీటర్ల గోడ పూర్తిచేసి ఆటుపోట్లని ఆపేశారు. పక్క తీరానికి పోయి సర్దుకుంటాయిలే అనుకున్నారు. సర్దుకోలేదు. ఆస్ట్రేలియాలో వాటి సంఖ్య పడిపోయింది. అప్పటిదాకా ఏ దిగులూ అక్కర్లేని జాబితాలో ఉన్న పిట్ట 2015కల్లా ప్రమాదపు జాబితాకెక్కింది.

లక్ష సర్వర్లున్నా అన్నిటికీ ఒకటే కేబులైతే ఆ లక్షని చూసి నిద్రపోయేవాణ్ణి ఏమనాలి? పొటొరూకి ఒక కొండ, పిట్టకి ఒక బురద. రెండూ ఒకలాంటి ప్రమాదమే. పొటొరూది తల లెక్కలో కనబడుతుంది, పిట్టది కనబడదు. (కవి బతికుండగా పుస్తకం కొనకుండా, పోయాక ప్రత్యేక సంచిక వేసే మనకి ఈ చూపు కొత్తేమీ కాదు.)

పొటొరూకి డబ్బివ్వొద్దని నేనట్లేదు. ఇంకా ఇవ్వాలి. కానీ అరుదైనదాని మీద ప్రేమ మనకెందుకంత తేలిగ్గా వస్తుందో ఒప్పుకుందాం. దానికో దీవి, ఓ కంచె, కొన్నేళ్ళ జీతాలు చాలు. ఎవరి ప్లాటూ పోదు. పిట్ట అడిగేది అది కాదు. తీరాన్ని పూడ్చకుండా అలాగే బురదగా వదిలెయ్యమంటుంది. దానికి మనం "చాలా ఉన్నాయిగా" అంటున్నాం.