నిండిన సంచి, పస్తుల కోడి
అండమాన్ పెరళ్లలో పశువైద్యుడు వచ్చేలోగా చేయవలసిన పని చాలానే ఉంది

కోడి మెడ కింద, రొమ్ము మీద కాస్త కుడివైపుకు ఒక సంచి ఉంటుంది. తిన్న గింజ, కొరికిన ఆకు ముందు చేరేది అక్కడికే. అక్కడ నాని, మెత్తబడి, కొద్దికొద్దిగా కిందికి దిగి కందనకాయలో నలుగుతుంది. సాయంత్రం గూటికి చేరే వేళకు ఉబ్బెత్తుగా ఉండే ఈ మేతసంచి తెల్లవారేసరికి ఖాళీ కావాలి. కాలేదంటే దారి మూసుకుపోయిందని అర్థం. చూసేవారికి బాగా మేసినట్టు కనిపించే ఆ పెట్ట నిజానికి పస్తులుంటోంది. ఇంటివాళ్లు మోసపోయేది ఇక్కడే.

నగరంలో కోడి ధర కిలోల్లో తేలుతుంది. అండమాన్, నికోబార్ దీవుల్లో దాని లెక్క వేరు. దాణాలో చాలా భాగం సముద్రం దాటి రావాలి. విశాఖపట్నం నుంచి గానీ చెన్నై నుంచి గానీ సుమారు 1,200 కిలోమీటర్లు, ఓడలో రెండు మూడు రోజుల ప్రయాణం. అందుకే పెరట్లో పురుగూ పుట్రా, కొబ్బరి ముక్కా తిని బతికే కోడి ఆ ఇంటికి చేతి ఖర్చులకు ఆధారం. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనంలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి చేపల వేట మీద స్థిరపడిన కుటుంబాలు వీరిలో ఎన్నో. వేటకు సెలవైన రోజుల్లో గుడ్లమ్మిన డబ్బే ఇల్లాలికి ఆసరా.

ఈ దీవులకు సొంత కోడి కూడా ఉంది. నికోబారీ జాతి. నికోబారీ భాషలో దాని పేరుకు అర్థమే పొట్టికాళ్ల కోడి. గోధుమ, నలుపు, తెలుపు రంగుల్లో కనిపిస్తుంది. దేశవాళీ కోళ్లలో గుడ్లు పెట్టడంలో దీనిది పైచేయి. ఏడాదికి 140కి పైగా పెడుతుందని పరిశోధకుల అంచనా. 2004 డిసెంబర్ 26 నాటి సునామీ నికోబార్ దీవుల్లో మనుషులతోపాటు కోళ్లను, పందులను, కొబ్బరి తోటలను ఊడ్చుకుపోయింది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో 1978 నుంచి ఉన్న కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఈ జాతిని కాపాడే పనిలో ఉంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో రూపుదిద్దుకున్న వనరాజా కోడీ ఇక్కడి పెరళ్లకు చేరింది. జాతి ఏదైనా మేతసంచి నిర్మాణం ఒక్కటే.

దారి ఎందుకు మూసుకుపోతుంది? పొడవాటి ముదురు గడ్డి, గూట్లో పరిచిన కొబ్బరి పీచు, తెగిన వల నుంచి రాలిన నైలాన్ పోగులు, ప్లాస్టిక్ ముక్కలు లోపల ఉండలు చుట్టుకుంటాయి. రెండో కారణం రాయి. కోడికి పళ్లు లేవు. మింగిన గట్టి రాతి పలుకులే కందనకాయలో తిరగలిలా పనిచేస్తాయి. తీరంలో ఇసుకకు లోటేముందని అనిపించవచ్చు. కానీ పగడపు ఇసుక, గవ్వల పొడి సున్నపు పదార్థం. అది గుడ్డు పెంకుకు మంచిదే గానీ, కడుపులోని ఆమ్లానికి కరిగిపోతుంది. మేత నలగడానికి నల్లరాతి చిన్న పలుకులు కావాలి. ఒక మూకుడులో విడిగా పెడితే కోడి తనకు కావలసినంత ఏరుకుంటుంది.

గుర్తించడం కష్టమేమీ కాదు. పొద్దున్నే మేత వేయకముందు సంచిని తడిమి చూడాలి. పిండిముద్దలా గట్టిగా తగిలితే అడ్డం పడినట్టు. నీళ్ల తిత్తిలా జారుతూ, నోటి నుంచి పులిసిన వాసన వస్తుంటే అది బూజు జాతి క్రిమి వల్ల వచ్చే మరో జబ్బు. దానికి మందు వేరు.

గట్టిపడిన సంచికైతే పెట్టను మిగతా కోళ్ల నుంచి విడదీసి గంప కింద ఉంచాలి. ఒక రోజు మేత ఆపాలి, నీళ్లు మాత్రం ఆపకూడదు. అర చెంచా కొబ్బరి నూనెను ముక్కు పక్క నుంచి చుక్కలు చుక్కలుగా వదలాలి. ఊపిరి గొట్టం ద్వారం నాలుక వెనకే ఉంటుంది కనుక గొంతులోకి గుమ్మరించకూడదు. తర్వాత వేళ్లతో సంచిని ఐదు నిమిషాలపాటు మెల్లగా మర్దన చేయాలి. రోజుకు మూడు నాలుగు సార్లు ఇలా చేస్తే ఉండ విడివడి కిందికి జారే అవకాశం ఉంది. సంచి తగ్గాక ఒకేసారి గింజలు పోయరాదు. రెండు మూడు రోజులు మెత్తటి జావ, ఉడికించిన గుడ్డు కొద్దికొద్దిగా పెట్టాలి.

కోడిని తలకిందులుగా పట్టి కక్కించడం చాలా ఊళ్లలో ఉన్న అలవాటు. లోపలిది ఊపిరితిత్తుల్లోకి పోతే నిమిషాల్లో ప్రాణం పోతుంది. బ్లేడుతో ఇంట్లోనే కోసి కుట్టడమూ అంతే ప్రమాదం. రెండు రోజులకూ ఉండ కరగకపోతే పశువైద్యుడే దిక్కు. ఆయన ఆ చోట మత్తిచ్చి, చర్మాన్ని, సంచిని కోసి, ఉండను తీసి రెండు పొరలనూ విడివిడిగా కుడతారు. చిన్న శస్త్రచికిత్సే. సకాలంలో చేస్తే చాలా కోళ్లు కోలుకుంటాయి.

ఒక్కోసారి సంచి అడ్డుపడటం అసలు జబ్బు కాదు, దాని నీడ. మారెక్స్ వ్యాధి నరాలను దెబ్బతీస్తే సంచి కదలిక ఆగిపోతుంది. నులిపురుగులు, కందనకాయలో దిగిన మేకులు, తీగలు కూడా ఇదే పని చేస్తాయి. పచ్చటి రెట్ట, మెడ తిరిగిపోవడం, పక్క కోళ్లు కూడా తూగడం కనిపిస్తే కొక్కెర తెగులును అనుమానించాలి. అప్పుడు నూనె, మర్దనలతో రోజులు గడిపితే మంద మొత్తానికి ముప్పు.

దీవుల్లో వైద్యం దొరకడానికి పడవ వేళలు, వాతావరణం అనుకూలించాలి. వానకాలంలో పడవ ఆగితే రెండు రోజుల గడువు ఐదు రోజులవుతుంది. కాబట్టి ఇక్కడ జబ్బును మొదటి ఉదయమే పట్టుకోవడానికి విలువ ఎక్కువ. గంప ఎత్తే ముందు ప్రతి పెట్ట రొమ్ము మీద ఒకసారి చేయి వేసి చూడటానికి ఏ టికెట్టూ కొనక్కర్లేదు.