గన్ను ఆడని చోట కుంచె

పోయిన నెల ఒక పొద్దున మా అక్క కొడుకు మాల్దీవుల నుంచి ఫోన్ చేసిండు. అక్కడ సీప్లేన్ల షెడ్డులో పెయింటర్ హెల్పరు పని. "మామా, ఫ్లోట్లకు రంగు లేచిపోయింది. బయట గాలి మస్తుంది, స్ప్రే కొడితే పక్క విమానాల మీద పడుతది. మేస్త్రి తలుపులు మూసి షెడ్డులోనే కొట్టుమంటున్నడు. ముక్కుకు రుమాలు కట్టుకుంట, ఏం కాదు కదా?" అన్నడు.

నాకు గుండె ఝల్లుమంది.

ఫ్లోట్లంటే చక్రాలకు బదులు విమానం కింద ఉండే రెండు పొడుగాటి డొల్ల పడవలు. 2024 నవంబర్‌లో విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్ల మీది నుంచి లేచి శ్రీశైలం పోయిన విమానాన్ని టీవీలో చూసినవాళ్లకు గుర్తుంటుంది. ఎక్కువగా అల్యూమినియం రేకుతోనే చేస్తారు. రంగు లేచిన చోట ఉప్పునీళ్లు తగిలితే తెల్లపొడి పూసి, రేకును తినేస్తుంది. కాబట్టి ఆ రంగు అందానికి కాదు, కాపలాకు.

1982 సమ్మె తర్వాత మా మిల్లు మూతపడితే నేను, నా జోడీదారు ఒక గ్యారేజీలో చేరినం. హార్డెనర్ కలిపే టూ-ప్యాక్ రంగు కొట్టేవాళ్లం, రుమాళ్లు కట్టుకొనే. కొన్నేళ్లకు వాడికి డబ్బా మూత తీస్తేనే ఆయాసం వచ్చేది. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్ అనే మందు ఉంటుంది. గన్ను దాన్ని మంచులాగ చేసి ఊపిరితిత్తుల లోపలిదాకా పంపుతుంది. ఒకసారి ఒంటికి పడకుండా పోతే, తర్వాత రవ్వంత తగిలినా ఊపిరి ఆడదు. రుమాలు దాన్ని ఆపదు. మిల్లులో పత్తి దుమ్ముకు సోమవారం ఛాతీ పట్టేసుడు మన పెద్దవాళ్లకు తెలిసిందే.

అందుకే వాడికి చెప్పిన: "గన్ను పక్కన పెట్టు. ముందు ఇంజనీరును అడుగు. విమానానికి ఏ రంగు, ఎన్ని పూతలు అనేది రాసి ఉంటది, మన ఇష్టం కాదు. కుంచెకు ఆయన ఒప్పుకుంటే ఇట్ల చెయ్యి.

"మంచినీళ్లతో ఉప్పంతా కడుగు. జిడ్డు తియ్యి. పాత ప్రైమర్‌లో క్రోమేట్ ఉండొచ్చు, దాని దుమ్ము విషం. వాటర్ పేపర్‌తో తడిగానే రుద్దు. ఇనుప బ్రష్ పెట్టకు, ఇనుప తునకలు చిక్కి అక్కడే తుప్పు మొదలైతది. రుద్దిన అల్యూమినియం మీద గాలికి మళ్లీ పొర కడుతది, ఆరంగానే ప్రైమర్ పడాలె. నీళ్లు తోడే రంధ్రాలు మూసుకుపోకుండ చూసుకో.

"రంగు కొద్దికొద్దిగా కలుపు. కుంచెకు పనికొచ్చే థిన్నరే వాడు. ఎండకు రేకు కాలకముందు, మంచు తడి ఆరినంక పట్టు. ఒకరు ఫోం రోలర్‌తో పలచగా పుయ్యాలె, వెనకనే ఇంకొకరు మెత్తటి కుంచె కొనతో ఒకే దిక్కుకు తేలిగ్గా లాగాలె. అంచు ఆరకముందే పక్క జాగా అందుకోవాలె. మందంగా పూస్తే కారుతది, బరువూ పెరుగుతది. రోలరైనా సరే తలుపులు తెరిచే ఉంచు, గ్లవ్స్, రంగు వాసనకు తగిన ఫిల్టర్ మాస్కు విడవకు."

ఇంజనీరు ఒప్పుకున్నడు. మేస్త్రి రెండు రోజులు మాట్లాడలేదట. పని అయినంక ఫోన్ చేసిండు: "దగ్గరికెళ్లి చూస్తే కుంచె గీతలు కనబడుతున్నయి మామా."

"నీళ్లకు గీతలతో పనిలేదురా, రంగు పట్టుకుంటే చాలు" అన్న.

అక్కలారా, అన్నలారా, మన పిల్లలు ఎంతోమంది గ్యారేజీల్లో గన్ను పట్టినోళ్లే. ఇంటికి రాంగనే ముక్కుకు ఏం కట్టుకుంటున్నడో అడగండి. సెలవునాడు తగ్గి, పనికి పోంగనే తిరగబెట్టే దగ్గు ఉంటే ఆలస్యం చెయ్యకండి. డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు ఆ రంగు డబ్బా మీది పేరు రాసుకొని పొండి.