మన మట్టి పేరు చెప్పి ఆయిల్ కంపెనీ లెక్క సరిచేసుకుంటే ఎలా?

పై వీడియోలో కార్బన్ క్రెడిట్ల గురించి చెప్పాను. ఆ క్రెడిట్లు కొనేవాళ్ళలో పెద్ద ఆయిల్ కంపెనీలు కూడా ఉన్నాయి. కొనేవాడి చరిత్ర చూడకుండా మనం సంతకం పెట్టకూడదు అనేది నా అభిప్రాయం. ఉదాహరణకి షెల్ కంపెనీ సంగతి చూద్దాం.

నెదర్లాండ్స్‌లో మిలియూడిఫెన్సీ అనే పర్యావరణ సంస్థ ఉంది. షెల్ చెప్పే మాటనీ, చేసే పనినీ పక్కపక్కన పెట్టి చూపించడం ఏళ్ళ తరబడి దాని పని. నైజీరియాలోని నైజర్ డెల్టాలో పైప్‌లైన్ల నుంచి ముడి చమురు కారి గోయి, ఒరుమా, ఇకోట్ అడా ఉడో అనే ఊళ్ళలో పొలాలు, చేపల చెరువులు పాడయ్యాయి. 2008లో నలుగురు రైతులతో కలిసి ఈ సంస్థ హేగ్‌లో కేసు వేసింది. పైపులు ఎవరో పగలగొట్టారని కంపెనీ వాదించింది. గోయి, ఒరుమా విషయంలో షెల్ నైజీరియా కంపెనీదే బాధ్యత అని 2021 జనవరిలో అప్పీలు కోర్టు తేల్చింది. 2022 చివర్లో మూడు ఊళ్ళకీ కలిపి కోటిన్నర యూరోలు ఇస్తామన్నారు, తప్పు మాత్రం ఒప్పుకోలేదు. ఈలోపు ఆ రైతుల జీవితంలో ఎన్ని పంటకాలాలు పోయాయో లెక్కేసుకోండి.

రెండో కేసు వాతావరణం మీద. 2019తో పోలిస్తే 2030 నాటికి కర్బన ఉద్గారాలు 45 శాతం తగ్గించాలని 2021 మేలో కోర్టు షెల్‌కి చెప్పింది. 2024 నవంబరులో అప్పీలు కోర్టు ఆ అంకెను కొట్టేసింది. తగ్గించాల్సిన బాధ్యత మాత్రం కంపెనీకి ఉందని చెప్పింది. అంతకుముందు 2024 మార్చిలోనే షెల్ తన సొంత లక్ష్యాన్ని 20 శాతం నుంచి 15–20 శాతానికి సడలించుకుంది, 2035 లక్ష్యాన్ని పూర్తిగా తీసేసింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ శాతాలు మొత్తం పొగ మీద కాదు, అమ్మే ఒక్కో యూనిట్ శక్తికి వచ్చే పొగ మీద. మన భాషలో చెప్తాను. అయిదెకరాలకి ఎకరానికి మూడు బస్తాల చొప్పున 15 బస్తాల యూరియా వేసే రైతు, రెండు బస్తాలకి తగ్గించి పదెకరాలు చేస్తే 20 బస్తాలవుతుంది. "ఎకరానికి మూడో వంతు తగ్గించాను" అంటే అబద్ధం కాదు. కానీ నేలకి పడింది ఎక్కువే కదా!

"మేం అమ్మకపోతే ఇంకొకరు అమ్ముతారు" అనేది కంపెనీల వాదన. అప్పీలు కోర్టు కూడా దీన్ని కొంత పట్టించుకుంది. పూర్తిగా కొట్టిపారేయలేం. కానీ పురుగుమందుల షాపాయన కూడా మనతో అదే మాట అంటాడు. అది విని మనం మందు కొట్టడం మొదలుపెట్టామా?

ఇక మన దగ్గరికి వద్దాం. చైనాలో వరి పొలాల్లో నీళ్ళు ఆరబెట్టి మీథేన్ తగ్గించామంటూ నడిచిన 37 ప్రాజెక్టులను వెర్రా అనే ధ్రువీకరణ సంస్థ 2024లో తిరస్కరించింది. వాటిలో కొన్నింటితో షెల్‌కి సంబంధం ఉంది. వరి రైతు పేరు మీద రాసిన లెక్క నిలబడలేదు.

నేను క్రెడిట్లకి వ్యతిరేకిని కాదు. మట్టిలో కర్బనం పెంచిన రైతుకి డబ్బు రావాల్సిందే. కానీ పీజీఎస్‌లో తోటి రైతులు పొలానికి వచ్చి, చూసి, అడిగాకే సర్టిఫికెట్ ఇస్తాం. కంపెనీకి కూడా అదే పద్ధతి పెట్టాలి. మీ ఊరికి ఎవరైనా ఒప్పందం కాగితాలు పట్టుకొస్తే నాలుగే ప్రశ్నలు అడగండి: కొనేది ఎవరు? వాళ్ళ మొత్తం పొగ తగ్గుతోందా? మా పొలంలో కొలిచేది ఎవరు? ఎన్నేళ్ళు కట్టుబడి ఉండాలి?

జవాబు కాగితం మీద ఇవ్వకపోతే సంతకం పెట్టకండి. మీకు వచ్చిన ఒప్పందాల్లో ఏం రాశారో కింద కామెంట్లో చెప్పండి, అందరం కలిసి చదువుదాం.