సగటు చెప్పని సంగతి

ఆసుపత్రిలో ఇంటెన్సివ్ కేర్ విభాగం తలుపు వెలుపల నిలుచున్న బంధువుల చూపంతా వైద్యుని రాక మీదనే ఉంటుంది. లోపల రేయింబవళ్లు రోగి మంచం పక్కన ఉండేది మాత్రం నర్సు. వెంటిలేటరు హెచ్చరికను మొదట వినేది, రక్తపోటు పడిపోవడాన్ని మొదట గమనించేది ఆమెయే. కనుక ఆమె ఎట్టి పరిస్థితులలో పనిచేస్తున్నదనే ప్రశ్న ఆమె ఒక్కతె సుఖదుఃఖాలకు సంబంధించినది కాదు.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రులను పరిశీలించి లిండా ఏకెన్ బృందం 2002లో ఒక అధ్యయనాన్ని ప్రకటించింది. ఒక్కొక్క నర్సు చూడవలసిన రోగుల సంఖ్య ఒకటి పెరిగినకొద్దీ, శస్త్రచికిత్స పొందిన రోగి 30 రోజులలోగా మరణించే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది.

అయితే తలల లెక్కతోనే పని తీరదు. చూడవలసిన రోగులు ఇద్దరే అయినా, “డాక్టరుగారూ, ఈ మోతాదు ఎక్కువేమో” అని చెప్పడానికి నర్సు జంకే చోట రోగికి రక్షణ లేదు. అందుకే అమెరికాలోని క్రిటికల్ కేర్ నర్సుల సంఘం 2005లో ఆరోగ్యకరమైన పని వాతావరణానికి ఆరు ప్రమాణాలను నిర్దేశించింది. నేర్పుగల సంభాషణ, నిజమైన సహకారం, నిర్ణయాలలో భాగస్వామ్యం, తగినంత సిబ్బంది, అర్థవంతమైన గుర్తింపు, నిజాయితీగల నాయకత్వం - ఇవే ఆ ఆరు. వీటిని కొలవడానికి 18 ప్రశ్నల పత్రం ఒకటి రూపొందింది. ప్రతి ప్రశ్నకు 1 నుండి 5 వరకు అంకె వేయాలి. సగటు 3 కంటె తక్కువైతే మెరుగుపడవలసి ఉన్నదని, 3 మొదలుకొని 4 లోపల ఉంటే బాగున్నదని, 4 గాని అంతకు మించి గాని ఉంటే శ్రేష్ఠమని భావిస్తారు.

మనస్సులోని మాటకు కొలత ఏమిటని కొందరు పెదవి విరుస్తారు. శస్త్రచికిత్స జరిగిన రోగిని నొప్పి సున్నా నుండి పది వరకు ఎంత ఉన్నదని నర్సే అడుగుతుంది. అతడు ఏడు అంటే ఆ అంకెను నమోదు చేస్తారు. దానిని బట్టి మందు ఇస్తారు. రోగి చెప్పిన అంకెను నమ్మే ఆసుపత్రి, నర్సు వేసిన అంకెను నమ్మకపోవడానికి నాకు కారణం కనబడదు.

నా సందేహమల్లా సగటు మీదనే. ఒక విభాగంలో పదిమంది నర్సులున్నారనుకొందాం. పగటి షిఫ్టులోని ఆరుగురు తలా 4, రాత్రి షిఫ్టులోని నలుగురు తలా 2 వేస్తే సగటు 3.2 వస్తుంది. కాగితం మీద ఆ విభాగం బాగున్నట్లే! రాత్రి రెండు గంటలకు సహాయం కోరితే పలికేవారు లేరన్న సంగతి ఆ 3.2లో ఎక్కడా కనబడదు. కనుక పగటి లెక్క, రాత్రి లెక్క వేరువేరుగా తీయాలి. అయితే ఆ నలుగురిలో ఎవరు ఏ అంకె వేశారో పై అధికారి ఇట్టే పోల్చుకోగలడు. ఆ భయమున్నచోట అందరూ 4 వేసి ఊరుకుంటారు. అందుచేత పత్రాలను సేకరించి లెక్కించే పని ఆ విభాగపు అధికారుల చేతిలో ఉండరాదు.

ఇంకొక చిక్కు ఉన్నది. విసిగి ఉద్యోగం మానివేసిన వారు ఈ పత్రాన్ని నింపరు. వారు వెళ్ళిపోయినందువల్ల సగటు పెరిగినా పెరగవచ్చు! ఆ ఏడాది మానివేసిన వారి సంఖ్యను సగటు పక్కనే రాయాలి. ఇంటర్మీడియట్ ముగించి నర్సింగ్ చదువులలో చేరేవారు మన తెలుగునాట కూడా ఎందరో ఉన్నారు. ఉద్యోగంలో చేరేనాడు వారు జీతంతోపాటు ఆ సంఖ్యను కూడా అడిగి తెలుసుకోవచ్చు.