ఇల్లు చూపించే అన్నలారా, పొగ సంగతీ చెప్పండి

కూడు, గుడ్డ, గూడు. మనిషికి కావలసినవి ఈ మూడేనని చిన్నప్పటి నుంచీ చదువుకున్నాం. హాస్టల్లో ఉన్నన్నాళ్లూ మొదటి రెండింటి కోసమే కొట్లాడాం. పప్పు నీళ్లగా ఉందని, దుప్పట్లు చలికాలం పోయాక ఇచ్చారని వార్డెన్ సారు ముందు నిలబడ్డాం. మూడోదాని గురించి ఆలోచన వచ్చేది హాస్టల్ గేటు దాటి, ట్రంకు పెట్టెతో నగరంలో గది వెతుక్కునే రోజునే. ఈ సంచికలో నేను రాయదలచుకున్నది ఆ గూడు గురించి, దాన్ని కమ్ముకునే పొగ గురించి, ఆ పొగను ముందే పసిగట్టే ఒక చిన్న పరికరం గురించి. ముఖ్యంగా ఇళ్లు చూపించి అద్దెకో అమ్మకానికో కుదిర్చే ఏజెంట్ల గురించి. ఎందుకంటే మన హాస్టల్లో చదివిన అన్నల్లో కొందరు ఇవాళ ఆ పనిలో ఉన్నారు. కొందరికి అదే బతుకుదెరువు, కొందరికి ఉద్యోగం వచ్చేదాకా ఆసరా.

హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాల్లో జరిగిన నాలుగు ప్రమాదాలను వరుసగా పెట్టి చూడండి. 2022 మార్చి 23న బోయిగూడలో తుక్కు గోదాము తగలబడింది. పైన పడుకున్న 11 మంది బీహార్ వలస కూలీలు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో 8 మంది పోయారు. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద రసాయనాల డ్రమ్ములు నిల్వ చేసిన అపార్ట్‌మెంటులో కనీసం 9 మంది. 2025 మే 18 తెల్లవారుజామున చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో, కింద దుకాణాలు, పైన కాపురాలు ఉన్న పాత ఇంట్లో 8 మంది పిల్లలతో సహా 17 మంది.

నాలుగింటిలోనూ ఉన్నది ఒకటే కథ. కింద సరుకు, పైన మనుషులు. మంట కింద పుడుతుంది, పొగ మెట్ల దారిన పైకి ఎగబాకుతుంది. గుల్జార్ హౌజ్‌లో ఎక్కువ మంది కాలి చనిపోలేదు, పొగకు ఊపిరాడక చనిపోయారు. బయటపడడానికి ఉన్నది ఒకే ఒక ఇరుకు దారి.

మనలో చాలామంది అనుకునేది ఏమిటంటే, మంట వస్తే వాసనకు మెలకువ వస్తుందని. అది పొరపాటు. నిద్రలో ముక్కును నమ్ముకోలేం, చెవిని నమ్ముకోవచ్చు. పసిబిడ్డ ఏడుపుకు లేచే తల్లి కూడా మాడిన పాల వాసనకు లేవకపోవచ్చు. పైగా పొగలో కలిసి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. అది మనిషిని లేపదు, ఇంకా మత్తులోకి దించుతుంది. అందుకే ముక్కు చేయలేని పనిని చెవికి అప్పగించే పరికరం కావాలి. అదే స్మోక్ డిటెక్టర్, అంటే పొగ అలారం. అమెరికాలో నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ లెక్కల ప్రకారం, పనిచేసే పొగ అలారం ఉన్న ఇళ్లలో మంటలు వచ్చినప్పుడు మరణాల రేటు, అలారం లేని లేదా పనిచేయని ఇళ్ల రేటులో సగం కూడా ఉండదు.

ఇల్లు చూపించే ఏజెంటుకు ఇంజనీరు చదువు అక్కర్లేదు. ఈ అయిదు సంగతులు తెలిస్తే చాలు.

ఒకటి, పొగ పైకి పోతుంది కాబట్టి అలారం ఉండవలసింది కప్పుకు. పడకగదిలో ఒకటి, పడకగదుల బయట ఒకటి, ప్రతి అంతస్తులో కనీసం ఒకటి. కింద గోదాము ఉంటే అక్కడా ఉండాలి. కింద మోగినప్పుడు పైన కూడా మోగేలా కలిపి ఉండాలి. లేకపోతే కింద మోగిన మోత మూసిన తలుపుల వెనక నిద్రపోయేవాడికి వినబడకపోవచ్చు.

రెండు, అలారాల్లో ప్రధానంగా రెండు రకాలు. కాంతి ఆధారంగా పనిచేసే ఫొటోఎలక్ట్రిక్ రకం పరుపు, దూది, వైరు లాంటివి రాజుకుంటూ వదిలే పొగను త్వరగా పట్టుకుంటుంది. అయొనైజేషన్ రకం భగ్గున మండే మంటకు త్వరగా స్పందిస్తుంది. రెండూ కలిసినవీ దొరుకుతాయి. ఒక్కటే పెట్టుకోగలిగితే పడకగది దగ్గర మొదటి రకం మేలు.

మూడు, మన వంటిల్లు వేరు. పోపు పెట్టినప్పుడల్లా మోగితే ఎవరైనా విసిగి బ్యాటరీ పీకేస్తారు. అందుకని పొయ్యికి కనీసం పది అడుగుల దూరంలో అలారం పెట్టాలి. వంటింట్లో పొగకు కాక వేడికి మోగే రకం పెట్టాలి.

నాలుగు, పొగ అలారం గ్యాస్ లీకును పట్టదు. ఎల్పీజీ గాలికంటే బరువు కాబట్టి నేల మీదే పరుచుకుంటుంది. గ్యాస్ డిటెక్టర్ నేలకు దగ్గరగా ఉండాలి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, బయటికొచ్చి 1906కు ఫోన్ చేయాలి. మంటలైతే 101 లేదా 112.

అయిదు, కప్పుకు తెల్లటి బిళ్ల కనబడగానే సరిపోదు. దానికి పరీక్ష బటను ఉంటుంది, నొక్కి చూడాలి, మోగాలి. నెలకోసారి అలా నొక్కి చూసుకోవాలి. పదేళ్లు దాటినదాన్ని మార్చేయాలి. పెద్ద అపార్ట్‌మెంట్లలో సెక్యూరిటీ గదిలో అలారం ప్యానెల్ ఉంటుంది. అది పనిచేస్తున్నదా, మోత భరించలేక ఆపేశారా అని ఒక్క నిమిషం ఆగి చూస్తే తెలిసిపోతుంది.

ఇవన్నీ చెప్పాలని ఏజెంటుకు చట్టం ఏమైనా చెబుతున్నదా? 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం, మనం రెరా అనేది, 9వ సెక్షన్‌లో ఏజెంట్లు రిజిస్టరు చేసుకోవాలంది. సదుపాయాల గురించి తప్పుడు మాటలు చెప్పకూడదని 10వ సెక్షన్‌లో ఉంది. కానీ ఆ చట్టంలో ఏజెంటు అంటే అమ్మకాలు కుదిర్చేవాడు. అద్దె గదులు చూపించే బ్రోకరు దాని కిందికి రాడు. మనం దిగేదేమో అద్దె గదుల్లో! ఇంగ్లండులో 2015 అక్టోబర్ 1 నుంచి అద్దె ఇంట్లో నివాసమున్న ప్రతి అంతస్తులో పొగ అలారం ఉండాలి, అద్దెకు దిగే రోజున అది పనిచేస్తున్నదని ఇంటి యజమాని చూడాలి. కాలిఫోర్నియాలో 1986 నుంచి ఇల్లు అమ్మేవాడు, పనిచేసే అలారం ఉందని కొనేవాడికి రాసి ఇవ్వాలి. అమెరికా వెళ్లిన మన సీనియర్లను అడగండి, పోపు పెట్టిన మొదటి రోజే ఆ మోత విన్నామని నవ్వుతూ చెబుతారు. ఇక్కడ ఉన్నవాళ్లలో ఆ మోత విన్నది ఎందరు?

అద్దెకొచ్చినవాడే అడగొచ్చు కదా అంటారు. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాణ్ణి నేను. పీజీ సీటు వచ్చాక ఇద్దరు జూనియర్లతో కలిసి గది కోసం తిరిగాను. ఒకచోట బ్యాచిలర్లకు ఇవ్వమన్నారు. రెండుచోట్ల "మీరేమిట్లు బాబూ?" అని అడిగి, జవాబు విన్నాక "ఇందాకే ఎవరో అడ్వాన్సు ఇచ్చారు" అన్నారు. చివరికి పరుపుల దుకాణం పైన మూడో అంతస్తులో దొరికింది. బ్రోకరు బోరు నీళ్ల గురించి, బస్టాపు గురించి, కరెంటు మీటరు గురించి చెప్పాడు. కింద ఉన్న స్పాంజి రాజుకుంటే మూడో అంతస్తుకు ఏమవుతుందో చెప్పలేదు. దొరికిన గదే మహాభాగ్యం అనుకునేవాడికి కప్పు వైపు వేలు చూపించి ప్రశ్నించే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? మెరక మీద ఉన్నవాడు ప్రశ్నిస్తాడు, పల్లంలో ఉన్నవాడు తల ఊపుతాడు. అందుకే అడగకముందే చెప్పవలసిన బాధ్యత ఇల్లు చూపించేవాడిదని నేనంటున్నాను. ఓనరుకు అద్దె ముఖ్యం, మనకు గది ముఖ్యం. ఇద్దరి మధ్యా నిలబడి రెండు వైపులా మాట్లాడగలిగినవాడు ఏజెంటు ఒక్కడే.

ఇలా చెబితే బేరం పోతుందని కొందరు అన్నలు అనవచ్చు. అలారం లేదని చెప్పి ఊరుకుంటే పోతుందేమో. "అలారం లేదు, ఓనరుతో పెట్టిస్తాను" అంటే ఎందుకు పోతుంది? బ్యాటరీతో నడిచే అలారం ధర, గది కుదిర్చినందుకు తీసుకునే కమీషనుతో పోలిస్తే తక్కువే. దాన్ని బిగించడానికి రెండు స్క్రూలు, ఒక స్టూలు చాలు.

గంట మోగినంత మాత్రాన తాళం ఊడదు కదా అని ఇంకొకరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. గంట ఉంటే ఆ నాలుగు చోట్లా అందరూ బతికేవారని నేననను. రాత్రి తాళం పడే మెట్ల గేటు, బాల్కనీకి బిగించిన ఇనుప గ్రిల్లు, మెట్ల కింద చార్జింగు పెట్టిన బండి, వీటిని కూడా ఏజెంటు చూడాలి, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అడగాలి. అయితే దారి ఎంత వెడల్పుగా ఉన్నా నిద్రపోయేవాడికి అది దారి కాదు. ముందు మేలుకోవాలి, తరువాతే పరుగు.

కాబట్టి ఈ రంగంలో ఉన్న మన పూర్వ విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. ఇకమీదట గది చూపించేటప్పుడు కుళాయి తిప్పి నీళ్లు చూపించినట్టే, స్టూలెక్కి అలారం బటను నొక్కి మోత వినిపించండి. అలారం లేకపోతే లేదని చెప్పండి. కింద ఏ సరుకు ఉందో చెప్పండి. రెండో దారి ఉందో లేదో చెప్పండి. అద్దె కాగితంలో ఈ మూడు మాటలూ రాయించండి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, రేపు మీరు గది చూడడానికి వెళ్లినప్పుడు ఏ అన్నా చెప్పకపోతే, ఈ పేజీ చింపి జేబులో పెట్టుకొని వెళ్లి మీరే అడగండి. ప్రభుత్వం ఇచ్చిన దుప్పటి ఆలస్యమైందని అడిగిన గొంతులే మనవి. ప్రాణం సంగతి అడగడానికి ఆ గొంతులు తగ్గనవసరం లేదు.

- పూర్వ విద్యార్థి, ఎం.ఏ. ద్వితీయ సంవత్సరం