ముప్పయ్యో రోజు ఫోన్ చెయ్యండి

హౌస్‌సర్జన్లారా, పీజీలారా, ఇంకా పుస్తకాలతో కుస్తీ పడుతున్న మెడికోలారా! నైట్ డ్యూటీ దిగి క్యాంటీన్‌లో టీ గ్లాసు పట్టుకున్న ఈ పది నిమిషాలు నాకివ్వండి.

పోయిన నెల మీ వార్డు నుంచి ఒకావిడ డిశ్చార్జి అయింది. పేగుకు రంధ్రం పడి అర్ధరాత్రి క్యాజువాలిటీకి వచ్చింది. రక్తం తీసింది మీరే, సెలైన్ పెట్టింది మీరే, ఆరోగ్యశ్రీ కాగితాలు నింపిందీ మీరే. థియేటర్లో రిట్రాక్టర్ పట్టుకుని మూడు గంటలు నిలబడ్డారు. ఎనిమిదో రోజు గాయం పొడిగా ఉందని ఇంటికి పంపారు. కేస్ షీట్ చివర ‘పరిస్థితి బాగుంది’ అని రాసి సంతకం పెట్టారు. మరి పన్నెండో రోజు ఆ గాయం ఎర్రబడి చీము పట్టిందేమో, ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర రోజూ కట్టు మార్పించుకుంటూ కూలి పని మానేసిందేమో, మీకు తెలుసా? మీ రిజిస్టరులో మాత్రం ఆవిడ బాగైపోయిన మనిషి.

మన దగ్గర రోగులకు కొదవ లేదు. కొదవంతా లెక్కకే.

నా పీజీ రోజుల్లో థీసిస్ అంటే రికార్డు రూములో దుమ్ము దులిపి పాత కేస్ షీట్లు తిరగేయడమే. ఒకదాంట్లో షుగరు ఉంటే బరువుండదు, బరువుంటే పొగ తాగే అలవాటు సంగతి ఉండదు. వార్డంతటికీ బీపీ నూట ఇరవై బై ఎనభై! ఒకే పెన్నుతో ఒకే పూట రాసిన బీపీ అది. గడువు దగ్గర పడ్డాక నా రూమ్మేటు ఖాళీ గళ్ళన్నీ ఒక్క రాత్రిలో ‘పూరించాడు’. నేనేం తక్కువ తినలేదు. బైండింగు బాగా కుదిరింది, డిగ్రీ చేతికొచ్చింది. ఆ పుస్తకం వల్ల ఏ రోగికీ ఒక్క మాత్ర కూడా మారలేదు. ఇప్పటికీ అది బీరువాలో కనిపిస్తే తలుపు గబుక్కున మూసేస్తాను.

మీరు ఆ దారి పట్టొద్దనే ఇదంతా చెబుతున్నాను.

ఇంకో దారి ఉంది, దాని పేరు ప్రాస్పెక్టివ్ స్టడీ. అందులో ప్రశ్న ముందు పుడుతుంది. ఏం కొలవాలో, ఎలా కొలవాలో, ఏ రోజున కొలవాలో మొదటి రోగి వార్డు గడప తొక్కకముందే కాగితం మీద పెట్టేస్తారు. ఆ తర్వాత ఆ కోవకు చెందిన ప్రతి రోగినీ, ఏరుకోకుండా, చివరిదాకా వెంబడిస్తారు. ఒక్క ఆసుపత్రిలోనే చేస్తే మంచి ఫలితం మందుదో, ఆ సర్జన్ హస్తవాసిదో తేలదు. అందుకే అదే ఫారం, అదే కొలత పట్టుకుని యాభై చోట్ల, వంద చోట్ల చేస్తారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు మన పెద్దలు. రోగుల దగ్గర ఆ మాట చెల్లదు. ఇక్కడ ఒక్కో మెతుకూ ఒక్కో పొయ్యి మీద ఉడికింది.

ఇదంతా పెద్ద ప్రొఫెసర్ల వ్యవహారం అనుకుంటున్నారా? 2014లో గ్లోబల్‌సర్జ్ అనే బృందం అత్యవసరంగా కడుపు ఆపరేషన్ అయిన రోగుల లెక్క కట్టడానికి పూనుకుంది. 58 దేశాలు, 357 ఆసుపత్రులు, 10,745 మంది రోగులు. ఆ లెక్క రాసినవాళ్ళలో మీలాంటి వైద్య విద్యార్థులూ, ట్రైనీ సర్జన్లూ ఉన్నారు. ఒక్కో జట్టు చేయాల్సిన పని ఇంతే: ఆ జులై నుంచి డిసెంబరు లోపల తమకు వీలైన వరస రెండు వారాలు ఎంచుకోవడం, ఆ రోజుల్లో వచ్చిన ప్రతి కేసునూ రాయడం, ముప్పై రోజుల దాకా కనిపెట్టుకుని ఉండటం. చివరికి తేలిందేమిటి? మానవాభివృద్ధిలో పై వరసలో ఉన్న దేశాల్లో నెల తిరక్కుండా చనిపోయినవాళ్ళు నూటికి 4.5 మంది. మధ్య వరసలో 6. అడుగు వరసలో 8.6.

వాళ్ళు అక్కడితో ఆగలేదు. తర్వాతి స్టడీలో పొట్ట, పేగుల ఆపరేషన్లయిన 12,539 మందిని చూశారు. గాయానికి ఇన్‌ఫెక్షన్ వచ్చింది పై వరస దేశాల్లో నూటికి 9.4 మందికి, మధ్య వరసలో 14 మందికి, అడుగు వరసలో 23.2 మందికి. మనందరికీ లోలోపల తెలిసిందే కదా అంటారేమో. లోలోపల తెలిసినదాన్ని చూపించి ఏ ఆసుపత్రి సూపరింటెండెంటునూ అదనంగా ఒక జత గ్లవ్స్ అడగలేం. అంకె ఉంటే అడగగలం.

ఆ గ్లవ్స్ కథే వినండి. చీము రాకుండా చూడటానికి ఖరీదైన ఉపాయం ఒకటుంది, బ్యాక్టీరియాను చంపే ట్రైక్లోసాన్ పూసిన దారంతో కుట్టడం. భారత్‌తో సహా ఏడు దేశాల్లో, 54 ఆసుపత్రుల్లో, 5,788 మంది మీద దాన్ని పరీక్షించి 2021లో ఫలితం చెప్పారు: మామూలు దారానికీ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. మరుసటి ఏడాది అవే ఏడు దేశాల నుంచి ఇంకో ఫలితం వచ్చింది. కడుపు మూసే ముందు గ్లవ్స్ మార్చుకుని, వాడని పనిముట్లు తీసుకుంటే ఏమవుతుందన్నది ఈసారి ప్రశ్న. చేపలు కడిగిన చేత్తోనే అన్నం వడ్డించం కదా, అంత మామూలు ప్రశ్న! కానీ ఆ స్టడీలో పాత పద్ధతికి వదిలేసిన ఆసుపత్రుల్లో అలా మార్చినది నూటికి ఒక్క ఆపరేషన్లో కూడా లేదు. 81 ఆసుపత్రులు, 13,301 మంది రోగులు. ఇన్‌ఫెక్షన్ నూటికి 18.9 నుంచి 16కు దిగింది. చూడ్డానికి చిన్న తేడా. వెయ్యి ఆపరేషన్లకు దాదాపు ముప్పై మంది చీము పట్టకుండా ఇంటి దగ్గర ఉన్నట్టు. పోయిన నెల మీరు పంపిన ఆవిడ ఆ ముప్పై మందిలో ఒకరు కావచ్చు.

‘పని చేయదు’ అని తేల్చడం కూడా గొప్ప పనే. కొవిడ్ మొదటి ఏడాది ఐసీఎంఆర్ 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద ప్లాస్మా చికిత్సను పరీక్షించింది. 2020 ఏప్రిల్ 22న మొదలుపెట్టి జులై 14కల్లా రోగులను చేర్చుకోవడం ముగించారు. పీపీఈ కిట్లలో చెమటలు కక్కుతూ చేసిన పని. జబ్బు ముదరడాన్ని గానీ, మరణాన్ని గానీ ప్లాస్మా ఆపడం లేదని ఆ అక్టోబరులోనే అచ్చయింది. అయినా మరుసటి ఏడాది ఏప్రిల్, మే నెలల్లో మన వాట్సాప్ గ్రూపుల నిండా ఏముంది? ‘అన్నా, బీ పాజిటివ్ ప్లాస్మా కావాలి, అర్జెంటు.’ తాళి తాకట్టు పెట్టి ప్లాస్మా కోసం పరుగులు తీసిన ఇళ్ళు నాకు తెలుసు. మార్గదర్శకాల్లోంచి దాన్ని తీసేసింది 2021 మేలో. చేతిలో ఉన్న జవాబును వార్డుల దాకా మోసుకొచ్చే యువ డాక్టర్లు అప్పుడు ఇంకా ఎక్కువమంది ఉండాల్సింది. ఈ మాట మిమ్మల్ని నిష్ఠూరమాడటానికే అంటున్నాను.

సరే, ఉత్సాహం వచ్చింది కదా అని రేపే ఫారాలు పట్టుకుని మంచాల మీద పడకండి. అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం ప్రాంతం గుర్తుంచుకోండి. 2009లో అక్కడి గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకా ప్రదర్శన ప్రాజెక్టు పేరుతో సూదులు వేసినప్పుడు చాలా సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2010 ఏప్రిల్లో ప్రాజెక్టు ఆపేశారు, 2013లో పార్లమెంటరీ కమిటీ కడిగి పారేసింది. వేలిముద్ర వేయించుకోవడం సమ్మతి తీసుకోవడం కింద లెక్క కాదు. ‘ఒప్పుకోకపోయినా నీ వైద్యం ఆగదమ్మా’ అన్న మాట రోగి భాషలో, ఆవిడ పక్కన కూర్చుని చెప్పాలి. కొడుకును అడిగొస్తానంటే అడిగి రానివ్వాలి. ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి. ట్రయల్ అయితే మొదటి రోగిని చేర్చుకోకముందే మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో నమోదు. 2007 నుంచి ఉన్న ఆ రిజిస్ట్రీలో నమోదుకు పైసా ఖర్చు లేదు.

తీరిక ఎక్కడిది అంటారు. ముప్పై ఆరు గంటల డ్యూటీలు, ఆలస్యమయ్యే స్టైపెండు నాకు తెలియనివి కావు. అందుకే మిమ్మల్ని ఒంటరిగా కొండ మొయ్యమనడం లేదు. కర్నూలులో ఇద్దరు, వరంగల్లో ముగ్గురు, విశాఖలో, గుంటూరులో, నిజామాబాద్‌లో ఒకరిద్దరు కలిస్తే చాలు. మీ బ్యాచ్ గ్రూపు ఎటూ ఉంది, గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపుకోవడం కాసేపు ఆపి ఒక్క ప్రశ్న వేసుకోండి. పాముకాటుతో వచ్చినవాళ్ళు కాటు పడ్డ ఎంతసేపటికి మన గడప తొక్కుతున్నారు? సిజేరియన్ గాయాల్లో నెలలోపు ఎన్ని చీము పడుతున్నాయి? ఒకే పేజీ ఫారం, ఒకే నిర్వచనం, రెండు వారాలు. కొలవని బీపీ గడి ఖాళీగానే ఉంచండి. అబద్ధపు నూట ఇరవై కంటే ఖాళీ గడి వెయ్యి రెట్లు మేలు.

ఈ పూట డిశ్చార్జి రాసేటప్పుడు రెండు ఫోన్ నంబర్లు తీసుకోండి, రోగి ఇంట్లోది ఒకటి, పక్కింటివాళ్ళది ఒకటి. ఇంట్లో ఫోను చాలాసార్లు స్విచాఫ్‌లో ఉంటుంది.